ఈ గుడ్డును తిప్పకండి



మన ఇళ్ళలో బల్లిని ఎవరూ పెంచరు. అదే ఉంటుంది. ట్యూబ్‌లైటు పక్కన ఉంటుంది. దేవుడి పటం వెనకాల ఉంటుంది. మీద పడితే పంచాంగం తీసి, ఏ చోట పడితే ఏం ఫలమో చూసుకుంటాం. మాట మధ్యలో టిక్‌టిక్‌మంటే "సత్యం" అనుకుంటాం. అంతకు మించి దానితో మనకు పెద్దగా పని లేదు.

అలాంటిది, డాలస్‌లో ఉన్న మనవరాలు వీడియో కాల్ చేసి, "తాతయ్యా, మా పెంపుడు బల్లి గెకో రెండు గుడ్లు పెట్టింది, పిల్లలు రావాలంటే ఏం చెయ్యాలి?" అని అడిగిందనుకోండి. మీరేం చెప్తారు? పక్కనుంచి అమ్మమ్మ, "ఛీ, ముందు దాన్ని బయట పారెయ్యమనండి" అంటుంది. అది సరే. పిల్లకు మాత్రం జవాబు కావాలి కదా.

ఈ పావుగంటలో ఆ జవాబే చెప్పుకుందాం. ఆ బల్లికి ఇల్లు ఎలా అమర్చాలి, దాని గుడ్లను ఎలా పొదిగించాలి. అన్నిటికన్నా ముందు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. మధ్యమధ్య మళ్ళీ చెప్తూనే ఉంటాను. ఆ మాట, వేడి. బల్లి బతుకంతా వేడి చుట్టూ తిరుగుతుంది. గుడ్డులో ఉన్నప్పుడూ అంతే, గుడ్డులోంచి వచ్చాకా అంతే.

పిల్లలు ఎక్కువగా పెంచుకునేది లెపర్డ్ గెకో అనే బల్లిని. జానెడు పొడవు. పసుపు ఒంటి మీద నల్ల చుక్కలు. లావుపాటి తోక. ఆ తోకలో కొవ్వు దాచుకుంటుంది, తిండి దొరకని రోజుల్లో దాని మీద బతుకుతుంది. మన గోడ బల్లికి లేనిది ఒకటి దీనికి ఉంది. కనురెప్పలు. మన బల్లి కళ్ళు మూయలేదు, నాలుకతో నాకి శుభ్రం చేసుకుంటుంది. ఇది హాయిగా కళ్ళు మూసుకుని నిద్రపోతుంది. ఇక మన బల్లికి ఉన్నది ఒకటి దీనికి లేదు. కాలివేళ్ళ కింద గోడను పట్టుకునే మెత్తలు లేవు. అందుకే గాజు ఎక్కలేదు, గోడ పాకలేదు. నేల మీద, రాళ్ళ మధ్య తిరిగే జీవి.

దీని సొంత ఊరు ఎక్కడో కాదు. అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్, మన దేశపు వాయవ్య మూలన ఉన్న పొడి కొండలు. 1854లో దీన్ని మొదట శాస్త్రానికి పరిచయం చేసింది కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం చూసుకునే ఎడ్వర్డ్ బ్లైత్. ఇంకో ముచ్చట. దీని దగ్గరి చుట్టం ఒకటి మన తూర్పు కనుమల్లోనే ఉంది. ఆంధ్రలోనూ ఒడిశాలోనూ దొరికే ఆ బల్లి వేరే జాతి అని 2022లో తేల్చి, యూబ్లెఫారిస్ పిక్టస్ అని పేరు పెట్టారు. ఇది విని ఎవరూ టార్చి పట్టుకుని కొండెక్కకండి. అడవిలోంచి పట్టి తెచ్చి పెంచుకోవడానికి మన వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. నేను చెప్తున్నది తరతరాలుగా ఇళ్ళలోనే పుట్టి పెరిగిన బల్లుల గురించి, వాటిని పెంచుకునేందుకు చట్టం ఒప్పుకునే దేశాల గురించి.

సరే, ఇల్లు.

నేల మీద తిరిగే జీవి అన్నాను కదా. కాబట్టి దానికి ఎత్తు కాదు, వైశాల్యం కావాలి. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న గాజు తొట్టె అయితే ఒక్క బల్లికి బాగుంటుంది. ఒక్క బల్లికి అంటున్నాను, గమనించండి. రెండు మగవాటిని ఒక తొట్టెలో పెడితే కొట్టుకుంటాయి. తోకలు తెగుతాయి, ప్రాణాల మీదికి వస్తుంది. ఆడా మగా కలిపి ఉంచితే మగది ఆడదాన్ని నిలవనివ్వదు. "పాపం, ఒంటరిగా ఉంది" అని మనం జాలిపడతాం. దానికి ఆ బెంగ లేదు. ఒంటరిగానే సుఖంగా ఉంటుంది.

ఇప్పుడు మళ్ళీ మన మాట. వేడి. మన ఒంటికి కావలసిన వేడిని మన ఒళ్ళే పుట్టిస్తుంది. బల్లి ఒంటికి ఆ శక్తి లేదు. బయటినుంచి తెచ్చుకోవాలి. తిన్న పురుగు అరగాలన్నా బయటి వేడే దిక్కు. చలిలో కడుపునిండా తిన్న బల్లికి తిండి లోపలే కుళ్ళిపోతుంది. అలాగని తొట్టె అంతా వేడిగా పెడితే తప్పించుకునే దారి లేక మాడిపోతుంది. కాబట్టి ఒక పక్క వెచ్చన, ఒక పక్క చల్లన. వెచ్చటి పక్క నేల 32 నుంచి 35 డిగ్రీల మధ్య. చల్లటి పక్క 24, 25. ఎప్పుడు ఎక్కడ పడుకోవాలో అదే చూసుకుంటుంది. మనం చేయాల్సింది రెండు పక్కలూ ఇవ్వడం. ఒక పక్క వెచ్చన, ఒక పక్క చల్లన.

ఈ వెచ్చదనం తప్పితే ఏమవుతుందో చెప్పడానికి ఒక పెద్ద ఉదాహరణే ఉంది. 2014లో రష్యా వాళ్ళు ఒక ఉపగ్రహంలో ఐదు గెకోలను పంపారు. నాలుగు ఆడవి, ఒకటి మగది. బరువు తెలియని చోట జత కడతాయా, పిల్లల్ని కంటాయా అన్నది చూడాలని. సెప్టెంబరు 1న ఉపగ్రహం దిగింది. తెరిచి చూస్తే ఐదూ చనిపోయి ఉన్నాయి. వెచ్చదనం ఇచ్చే ఏర్పాటు చెడి చలికి చనిపోయి ఉంటాయని అప్పట్లో చెప్పారు. రాకెట్లు పంపగలిగిన వాళ్ళ దగ్గర కూడా దెబ్బతిన్నది అక్కడే.

ఇంట్లో అయితే తొట్టె అడుగున ఒక పక్కకు హీట్ మ్యాట్ పెడతారు, లేదా పైనుంచి దీపం వేలాడదీస్తారు. ఏది పెట్టినా దానికి థర్మోస్టాట్ ఉండి తీరాలి. మీరు కోరిన వేడి రాగానే కరెంటు ఆపి, తగ్గగానే మళ్ళీ ఇచ్చే చిన్న పెట్టె అది. చాలామంది ఖర్చు తగ్గించుకుందామని మొదట వదిలేసేది దీన్నే. అదుపు లేని మ్యాట్ కాలిపోయేంత వేడెక్కుతుంది. బల్లి పొట్ట చర్మం బొబ్బలెక్కుతుంది. లేచి పోవాలని దానికి ఆలస్యంగానే తెలుస్తుంది. తొట్టెలో అలంకారానికి పెట్టే ప్లాస్టిక్ పుర్రెలూ కోటలూ మానేసి ఆ డబ్బుతో థర్మోస్టాట్ కొనమనండి.

దాక్కోవడానికి మూడు చోట్లు కావాలి. వెచ్చటి పక్క ఒకటి, చల్లటి పక్క ఒకటి, మధ్యలో తడిగా ఉండేది ఒకటి. మూతకు గుమ్మం కోసిన ప్లాస్టిక్ డబ్బా చాలు, లోపల తడిపి పిండిన నాచు గానీ కొబ్బరి పొట్టు గానీ వేస్తే అదే తడి గది. ఈ తడి గది ఎందుకంటారా? బల్లి కుబుసం విడుస్తుంది. ముందు రోజు ఒళ్ళంతా తెల్లగా పాలిపోతుంది. తరువాత మూతి దగ్గర చర్మాన్ని రాళ్ళకు రుద్ది చీల్చుకుని, చొక్కా విప్పినట్టు విప్పేసి, దాన్ని తనే తినేస్తుంది. గాలి పొడిగా ఉంటే ఒళ్ళంతా ఊడినా వేళ్ళ కొసల దగ్గర మాత్రం ఇరుక్కుపోతుంది. ఆ సన్నటి పొర ఎండి బిగుసుకుని రక్తం అందకుండా చేస్తుంది. కొన్నాళ్ళకు వేలు నల్లబడి రాలిపోతుంది. కాబట్టి కుబుసం విడిచిన ప్రతిసారీ వేళ్ళు చూడాలి. పొర మిగిలితే గోరువెచ్చని నీళ్ళు అంగుళం లోపు పోసి అందులో కాసేపు నిలబెట్టి, దూదితో మెల్లగా తీయాలి.

నేల మీద ఏం పరచాలి? కాగితపు తువ్వాలు, లేదా గరుకు టైలు రాయి. ఎడారి జీవి కదా అని ఇసుక పోస్తారు. పురుగును పట్టబోయి ఇసుక మింగి, పేగు పూడుకుపోయిన బల్లులను డాక్టర్లు చూస్తూనే ఉన్నారు.

తిండి మాట. ఆకులూ పళ్ళూ ముట్టదు. కదిలే పురుగే కావాలి. అమెరికాలో దుకాణాల్లో కీచురాళ్ళు, పిండి పురుగులు, ఒక రకం బొద్దింకలు డబ్బాల్లో అమ్ముతారు. ఆ పురుగులకు ముందురోజు మనం ఆకుకూర, క్యారెట్ పెట్టాలి. తరువాత వాటి మీద క్యాల్షియం పొడి చల్లి బల్లికి వెయ్యాలి. ఆ పొడి లేకపోతే ఎముకలు మెత్తబడి, కాళ్ళు వంకరపోయి, దవడ రబ్బరులా సాగుతుంది. పెరట్లో పట్టిన పురుగులు వద్దు. ముఖ్యంగా మిణుగురు పురుగు వద్దే వద్దు. దాని ఒంట్లో విషం ఉంది. ఒక్కటి తిన్నా బల్లి జాతి జంతువులు చనిపోవచ్చు.

బల్లిని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. దాని ఒంటి మీద సాల్మొనెల్లా అనే రోగక్రిమి ఉండొచ్చు. ఐదేళ్ళలోపు పిల్లల చేతికి ఇవ్వకపోవడమే మంచిది. అమ్మమ్మ గారి "ఛీ"లో ఆ మాత్రం నిజం ఉంది.

ఇక గుడ్ల దగ్గరికి వద్దాం. అసలు సంగతి ఇక్కడే ఉంది.

ఏడాది నిండని ఆడదాన్ని జతకు పెట్టకూడదు. దాని ఒంట్లోని సున్నమంతా గుడ్డు పెంకుకే పోతుంది. జత కట్టాక కొన్ని వారాలకు పొట్ట కింద చర్మంలోంచి రెండు గుడ్లు తెల్లగా, కోలగా కనిపిస్తాయి. అప్పుడు తడి గదిలో కొబ్బరి పొట్టు లోతుగా పోయాలి. ఒక రాత్రి తవ్వి తవ్వి, రెండు గుడ్లు పెట్టి పూడ్చేస్తుంది. మర్నాడు చూస్తే పొట్ట లోపలికి పోయి, ఒళ్ళంతా తవ్విన పొట్టు అంటుకుని ఉంటుంది. గుడ్లతో దాని బాధ్యత అంతటితో సరి. పొదగదు, కాపలా కాయదు.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి. మన గోడ బల్లి గుడ్డు మీరు చూసే ఉంటారు. కిటికీ సందులో, పటం వెనకాల, గుండ్రంగా, గట్టి పెంకుతో. దానికి తడి అక్కర్లేదు. లెపర్డ్ గెకో గుడ్డు మెత్తన. వేలితో తాకితే తోలులా ఉంటుంది. అది చుట్టూ ఉన్న తడిని పీల్చుకుంటూ పెరుగుతుంది. తడి లేకపోతే సొట్టపోతుంది. తడి మరీ ఎక్కువైతే కుళ్ళుతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. గుడ్డును తిప్పకండి. కోడి గుడ్డు పొదిగేటప్పుడు పెట్ట ముక్కుతో గుడ్లను అటూ ఇటూ దొర్లిస్తుంది, హేచరీల్లో యంత్రాలు కూడా తిప్పుతాయి. అది కోడి సంగతి. బల్లి గుడ్డులో పిండం మొదటి రోజుల్లోనే పెంకు లోపలి పొరకు పైభాగాన అంటుకుంటుంది. తలకిందులు చేస్తే అది తెగిపోవచ్చు, సొన కింద నలిగిపోవచ్చు. కాబట్టి గుడ్డు కనిపించగానే, కదపకముందే, పైభాగాన మెత్తటి పెన్సిలుతో చిన్న చుక్క పెట్టాలి. ఆ చుక్క ఎప్పుడూ పైకే ఉండాలి. తీసేటప్పుడూ, పెట్టేటప్పుడూ, చివరి రోజు దాకా. చుక్క పైకే.

పొదిగే డబ్బా చెప్పినంత కష్టం కాదు. మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా. అందులో వెర్మిక్యులైటు గానీ పెర్లైటు గానీ. మిద్దె తోటలు పెంచేవాళ్ళకు ఇవి తెలిసినవే. దాని బరువుకు సమానంగా నీళ్ళు కలపాలి. గుప్పెట్లో పిండితే ముద్ద కట్టాలి గానీ నీరు కారకూడదు. వేలితో గుంట చేసి, గుడ్డును సగం దాకా కూర్చోబెట్టాలి. వారానికి ఒకసారి మూత తీసి గాలి మార్చాలి. గుడ్డు సొట్టపోతే పక్కన నాలుగు చుక్కల నీళ్ళు పొయ్యాలి, గుడ్డు మీద కాదు.

వారం పదిరోజులయ్యాక చీకటి గదిలో గుడ్డును కదపకుండా పక్కనుంచి చిన్న టార్చి వెయ్యండి. లోపల గులాబీ రంగు వెలుగూ, ఎర్రటి సన్నటి నరాలూ కనిపిస్తే పిల్ల కట్టినట్టే. పసుపుపచ్చగా ఖాళీగా కనిపిస్తే అనుమానమే. మగది లేకుండా కూడా ఆడది గుడ్లు పెట్టగలదు, వాటిలో పిల్ల ఉండదు. అయినా తొందరపడి పారేయకండి. బూజు పట్టి, ముడుచుకుపోయి, వాసన వస్తే అప్పుడు చూడొచ్చు.

ఈ డబ్బాను మొదటి నుంచీ ఇంక్యుబేటర్‌లో, అంటే వేడిని ఒకేలా నిలిపే పెట్టెలో ఉంచాలి. ఎంత వేడిలో? మనవరాలికి ఇక్కడ పెద్ద ఆశ్చర్యం ఉంది. మగో ఆడో తేల్చేది ఆ వేడే.

మనుషుల్లో ఆడా మగా అన్నది తల్లిదండ్రుల నుంచి వచ్చే క్రోమోజోములను బట్టి ఉంటుంది. ఈ బల్లిలో అలా కాదు. గుడ్డు పెట్టేనాటికి లోపలి పిల్ల ఆడా కాదు, మగా కాదు. మొదటి కొద్ది వారాల్లో గుడ్డుకు తగిలిన వేడిని బట్టి తేలుతుంది. 26 డిగ్రీల దగ్గర ఉంచితే దాదాపు అన్నీ ఆడవే. 32న్నర దగ్గర ఉంచితే ముప్పాతిక వంతు మగవి. మరీ 34 దాటితే మళ్ళీ ఆడవి వస్తాయి, కానీ ఆ వేడిలో చచ్చిపోయే గుడ్లు కూడా ఎక్కువ, కాబట్టి అటు వెళ్ళొద్దు. మళ్ళీ చెప్తున్నాను. 26 దగ్గర ఆడవి, 32న్నర దగ్గర ఎక్కువ మగవి.

ఈ విషయం సరీసృపాల్లో మొదట బయటపెట్టింది మదలెన్ షార్నియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త. 1966లో, ఆఫ్రికాలోని డాకార్ నగరంలో, మన తొండ కుటుంబానికే చెందిన ఒక అగామా మీద. చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. తరువాత తాబేళ్ళలో, మొసళ్ళలో కూడా ఇదే కనిపించాక అందరూ వెనక్కి తిరిగి చూశారు. టెక్సాస్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ క్రూస్ బృందం లెపర్డ్ గెకోల మీద ఏళ్ళ తరబడి పనిచేసి ఇంకో అడుగు ముందుకు వేసింది. ఎక్కువ వేడిలో పొదిగిన ఆడ బల్లులు, తక్కువ వేడిలో పొదిగిన ఆడ బల్లులకన్నా దూకుడుగా ఉన్నాయి. రెండూ ఆడవే. పెరిగిందీ ఒకలాగే. తేడా అంతా గుడ్డులో ఉన్న రోజుల్లో తగిలిన వేడి.

వేడిని బట్టి రోజులు కూడా మారతాయి. 32 దగ్గర సుమారు నెలన్నర. 26 దగ్గర రెండు నెలలు పడుతుంది, దాటినా దాటొచ్చు.

ఇదంతా లెపర్డ్ గెకో లెక్క. గెకోలన్నిటికీ ఇదే లెక్క వర్తించదు. న్యూ కాలెడోనియా దీవుల్లో క్రెస్టెడ్ గెకో అని కళ్ళ మీద ముళ్ళ వరసలున్న బల్లి ఉంది. అంతరించిపోయిందనుకున్నారు, 1994లో మళ్ళీ దొరికింది. ఇప్పుడు ఇంటింటా ఉంది. దాని గుడ్లు చల్లటి గది వేడిలోనే, 22 నుంచి 26 డిగ్రీల మధ్య, నిదానంగా పొదుగుతాయి. వాటిని 32లో పెడితే పోతాయి. ఇక టోకే గెకో గుడ్లను గోడకు అతికించేస్తుంది. పీకబోతే పగిలిపోతాయి. వాటి మీద రంధ్రాలున్న కప్పు బోర్లించి టేపు వేసి అక్కడే వదిలేయడమే పద్ధతి. మన శేషాచలం కొండల్లో ఉండే బంగారు బల్లి కూడా ఇలాగే రాతికి గుడ్లు అతికిస్తుంది. ఒకే రాతి చూరు కింద ఎన్నో బల్లులు పెట్టిన గుడ్లు వరసగా కనిపిస్తాయి. దాన్ని చూసి రావడమే, పట్టుకోవడం చట్టరీత్యా నేరం.

కరెంటు పోతే? మనకు అలవాటైన ప్రశ్న. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ వాళ్ళకు కూడా అలవాటైంది. మంచు తుఫానులో లక్షల ఇళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. కొన్ని గంటలు చల్లబడితే గుడ్డు సాధారణంగా తట్టుకుంటుంది, ఎదుగుదల కాస్త నెమ్మదిస్తుంది, అంతే. తట్టుకోలేనిది అతివేడి. కంగారుపడి వేడినీళ్ళ సీసా డబ్బాకు ఆనించకండి. థర్మోకోల్ పెట్టెలో పెట్టి, దుప్పటి కప్పి, సీసాను గుడ్డలో చుట్టి దూరంగా ఉంచండి.

పొదిగే రోజు దగ్గరపడితే గుడ్డు మీద చెమట పట్టినట్టు నీటి చుక్కలు తేలతాయి. గుండ్రంగా ఉన్న గుడ్డు కాస్త కుంగుతుంది. పాడైందేమో అని భయపడతారు. పాడు కాలేదు. లోపల పిల్ల పని మొదలుపెట్టింది. మూతి కొసన రెండు చిన్న గుడ్డు పళ్ళు ఉంటాయి. వాటితో పెంకును బ్లేడుతో కోసినట్టు కోస్తుంది. ముందు మూతి వస్తుంది. అలా మూతి పెట్టుకుని గంటల తరబడి ఊపిరి పీలుస్తూ కూర్చుంటుంది. మిగిలిన పచ్చసొనను అప్పుడే పొట్టలోకి లాక్కుంటుంది. సాయం చేద్దామని పెంకు చీల్చకండి. రక్తం పోతుంది.

వచ్చిన పిల్ల వేలెడంత. చుక్కలు ఉండవు. పసుపు మీద నల్ల పట్టీలు ఉంటాయి, చుక్కలు పెద్దయ్యాక వస్తాయి. చెయ్యి దగ్గరికి పెడితే నాలుగు కాళ్ళ మీద లేచి, నోరు తెరిచి కీచుమని అరుస్తుంది. తొలి కుబుసం విడిచి తినేదాకా, అంటే మూడు నాలుగు రోజులు, తిండి అడగదు. ఆ తరువాత చిన్న పురుగులు, దాని రెండు కళ్ళ మధ్య దూరం కన్నా పెద్దవి కాకుండా. ఒక్కో పిల్లకు ఒక్కో డబ్బా. కాగితపు తువ్వాలు, చిన్న నీటి గిన్నె, ఒక పక్క వెచ్చన, ఒక పక్క చల్లన.

ఇక మనవరాలిని మీరు తిరిగి అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఈ పిల్లలన్నిటినీ ఎవరికి ఇస్తావమ్మా? ఒకసారి జత కట్టిన ఆడది ఆ బీజాన్ని దాచుకుని, మగది లేకపోయినా ఆ కాలమంతా కొద్ది వారాలకోసారి రెండేసి గుడ్లు పెడుతూనే ఉంటుంది. ఏడాదికి పది పిల్లలంటే వింత కాదు. ఒక్కోటి పదిహేనేళ్ళు, ఇరవయ్యేళ్ళు బతుకుతుంది. కొత్త రంగుల మోజు కూడా మంచిది కాదు. లెమన్ ఫ్రాస్ట్ అనే నిమ్మపండు రంగు బల్లులు చాలా ఖరీదు పలికాయి. ఆ రంగు తెచ్చే జన్యువే చర్మం మీద కణితులు కూడా తెస్తోందని 2021లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ప్రకటించారు. తెలిసి తెలిసి అలాంటి జత కట్టించకూడదని నా గట్టి అభిప్రాయం.

తీసుకునేవాళ్ళు లేకపోతే గుడ్డు పెట్టిన ఒకటి రెండు రోజుల్లోనే ఫ్రీజరులో పెట్టేయమనండి. అనుభవం ఉన్న పెంపకందారులు చేసేది అదే. పెరట్లో మాత్రం వదలవద్దని చెప్పండి. ఫ్లోరిడాలో అలా వదిలినవీ తప్పించుకున్నవీ కలిసి, టోకే గెకోలు ఇప్పుడు అక్కడి చెట్ల మీద, గోడల మీద స్థిరపడిపోయాయి.